అంబదాస్ ఉస్తరా పరీక్ష

అంబదాస్ మనిషి ఎదురైతే ముఖం చూడడు. మోచేతికీ మణికట్టుకూ నడుమ వెంట్రుకలు ఎన్ని ఉన్నాయో చూస్తాడు. అవి కాస్త ఒత్తుగా కనపడ్డాయా, ఇక ఆ చెయ్యి ఆ మనిషిది కాదు. "జర చెయ్యి ఇయ్యి తమ్మీ" అంటాడు. ఇచ్చేదాకా ఆగకుండా తనే పట్టుకుంటాడు. జేబులోంచి మడత ఉస్తరా, అదే మంగలికత్తి, తీసి సర్రున ఒక్క గీత గీస్తాడు. రూపాయి బిళ్ళంత జాగా బోడి అవుతుంది. తెగిన వెంట్రుకలను ఉఫ్‌మని ఊది, "ఊఁ" అనో "ఊహూఁ" అనో తనలో తాను అనుకుని, మంచీ చెడూ మాట్లాడకుండా వెళ్ళిపోతాడు.

సూరత్‌లో నవాగామ్ వెనక గల్లీలో ఆయన ఉండే పన్నెండు గదుల అద్దె చాల్‌లో మగవాళ్ళందరికీ ఈ బోడి జాగా ఉండేది. "మన చాల్ మనిషిని గుర్తుపట్టాల్నంటే ఆధార్ కార్డు అక్కర్లేదు, అంగి చెయ్యి మీదికి మలిస్తే చాలు" అనేవాడు గల్లీ మొదట్లో సెలూన్ నడిపే ఓంకార్. అంబదాస్ సొంత చేతులు దసరా నాటికే అయిపోయాయి. కాళ్ళు దీపావళి దాటలేదు. కొత్త సంవత్సరం వచ్చేసరికి ఎడమ కనుబొమ్మ సగమే మిగిలింది. దాంతో ఆయన ఏ మాట అన్నా సగం అనుమానంతో అన్నట్టు కనపడేవాడు.

"కండ్ల రెప్పల మీద గూడ ఉంటయి వెంట్రుకలు. అవ్వన్న ఉంచుకో" అంది ఆయన భార్య స్వరాజ్యం.

"అవి మెత్తగుంటయే. పరీక్షకు పనికిరావు" అన్నాడు ఆయన. నిజంగానే ఆలోచించి చెప్పాడు.

ఈ వ్యవహారంలో పాట్లన్నీ స్వరాజ్యానివే కాబట్టి ఆమె వైపు నుంచి చెప్పుకోవడమే న్యాయం. ముప్పై ఏళ్ళ కింద సిరిసిల్ల నుంచి సూరత్ కాపురానికి వచ్చింది. అంబదాస్ అప్పటికే బమ్రోలిలో ఒక ఖాతాలో ఫిట్టరు. ఖాతా అంటే అక్కడ పవర్‌లూమ్ షెడ్డు. ఎనభై మగ్గాలు ఒక్కసారి మోగుతుంటే ఏ మగ్గంలో ఏ బోల్టు వదులైందో చప్పుడు విని చెప్పే మనిషి. తాగడు, పత్తాలాడడు, ఎవరి జోలికీ పోడు. "గింత మంచోనికి గిసొంటి పిచ్చి ఎట్ల తగిలిందో, ఎవలి దిష్టో" అని ఆమె చీరల కుప్ప ముందు కూర్చుని వేలాడే దారాలు కత్తిరిస్తూ అనుకునేది.

పిచ్చి తగిలింది 2020లో. ఆ మార్చిలో మగ్గాలన్నీ ఒకేరోజు ఆగిపోయాయి. టకటకల మధ్య నిద్రపోవడం అలవాటైన జనానికి ఆ నిశ్శబ్దంలో కన్ను మూతపడలేదు. మే నెలకల్లా సగం చాల్ ఊళ్ళకు వెళ్ళిపోయింది, కొందరు రైళ్ళలో, కొందరు లారీల మీద సరుకులాగా. అంబదాస్ వెళ్ళలేదు. గోడకు ఆనుకుని కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటూ ఉండేవాడు. ఆ చేతులను చూస్తే స్వరాజ్యానికి భయం వేసేది. పని లేక మనిషి చచ్చిపోతాడేమో అనుకుంది.

అప్పుడు ఓంకార్ తన ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. సెలూన్ మూతపడి అతనికీ పొద్దు పోవడం లేదు. వీడియోలో ఎవరో తెల్లాయన, తిరిగే బెల్టు మీద ఉక్కు ముక్కను అటూ ఇటూ నడిపిస్తూ పాతకాలపు ఉస్తరా తయారు చేస్తున్నాడు. ఆయన మాట్లాడింది వీళ్ళిద్దరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు.

"గివి మా తాత కాలంల వాడేటోళ్ళు కాకా. ఇప్పుడు అర బ్లేడు పెట్టి గీకి పారేస్తం. ఎవలకు కావాలె గివి?" అన్నాడు ఓంకార్.

"కావాల్నా వద్దా తర్వాత. దాని చెంపలు చూడు, ఎట్ల లోపలికి పోయినయో."

అదీ అసలు కిటుకు. ఉస్తరా వీపు మందంగా ఉంటుంది, అంచు ఉల్లిపొర అంత పలచన. నడుమ రెండు పక్కలా లోపలికి గుంట పడాలి, పండ్లు ఊడిన ముసలమ్మ చెంపల్లాగా. బల్లపరుపు రాయి మీద ఆ గుంట రాదు. బెల్టు వెనక తిరిగే గుండ్రటి చక్రానికి ఉక్కును ఆనిస్తే ఆ చక్రం వంపే ఉక్కులోకి దిగుతుంది. అంబదాస్‌కు ఇంత అర్థమైంది, ఇక ఇంట్లో ఏదీ అర్థం కాకుండా పోయింది.

డాబా మీద రేకుల కింద కార్ఖానా పెట్టాడు. తుక్కులో పడేసిన మగ్గం మోటారు, దానికి రబ్బరు తొడుగు ఉన్న రోలరు, గరుకు బెల్టు. ఉక్కు కోసం అరిగిపోయిన ఆకురాళ్ళు. పిడికి, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తి విరిగిన నాడెల చెక్క. ఎర్రగా కాల్చి నూనెలో ముంచిన కత్తి గాజులాగా పెళుసుగా ఉంటుందని, కాస్త మెత్తబడడానికి నాన్‌ఖటాయ్ బిస్కట్లు కాల్చే బేకరీ వాడి బట్టీలో చల్లారే వేడి మీద పెట్టించుకొచ్చాడు. ఆ వారం నాన్‌ఖటాయ్‌లు ఇనుప వాసన వచ్చాయని బేకరీవాడు గుజరాతీలో తిట్టిన తిట్లు మూడో అంతస్తు దాకా వినపడ్డాయి.

పై గదిలో ఉండే పోశవ్వకు ఎనభై ఏళ్ళు, నోట్లో ఒక్క పన్ను లేదు. అంబదాస్ రోజూ పొద్దున్నే ఆమె ముందు గొంతుక్కూర్చుని ఆమె చెంపలను ఎడం పక్క నుంచి, కుడి పక్క నుంచి చూసేవాడు.

"ఏం చూస్తున్నవ్ బిడ్డా?"

"గిట్లనే రావాలె పోశవ్వా, రెండు దిక్కుల సమానంగ."

"కట్టుకున్నోడు గూడ గిట్ల చూడలే నన్ను" అంది పోశవ్వ, సంతోషపడిందో విసుక్కుందో తెలియకుండా.

మొదటి పదకొండు కత్తులు పాడయ్యాయి. ఒకటి ఎడమ చెంప ఎక్కువ లోతై కుడి చెంప దాకా చిల్లు పడింది. ఒకటి నడుమ వంకర తిరిగింది. ఒకటి అంచు పలచబడ్డాక బెల్టు కొరికేసి రంపం అయింది. నాలుగైదు మాత్రం నీలం తిరిగాయి. వేడి ఎక్కువై ఉక్కు ఒకసారి నీలం తిరిగిందంటే ఇక దానికి పదును నిలవదు, మనిషికి ప్రాణం పోయినట్టే. అందుకని చేతులకు తొడుగులు వేసుకోవడం మానేశాడు.

"కాలుతయి కదయ్యా వేళ్ళు" అంది స్వరాజ్యం.

"కాలాల్నే. కాలకముందే తెలియాలె. తొడుగు ఏసుకుంటే ఉక్కు చెప్పేది వినపడది."

బెల్టు మీద ఒక్క వరస, నీళ్ళలో ముంచుడు. మళ్ళీ ఒక్క వరస, ముంచుడు. అలా నెలల పాటు ముంచగా ముంచగా ఆయన బొటనవేలికి ఒక విద్య అబ్బింది. చాయ గ్లాసు ముట్టుకుని ఇది దింపి ఎన్ని నిమిషాలైందో చెప్పేవాడు. స్వరాజ్యం గడియారం చూసి పట్టుకుందామని ఎన్నిసార్లు చూసినా పట్టుకోలేకపోయింది. పన్నెండో కత్తి కుదిరింది. గోటితో అంచు నొక్కితే సన్నగా వంగి మళ్ళీ నిలబడి కింగుమంది. ఆ రోజు నుంచి ఊరి చేతులకు ముప్పు మొదలైంది.

ఆయన పరీక్షలకు ఆస్థాన చెయ్యి మొండయ్యది. పక్క గదిలో ఉండే మొండయ్య అదే ఖాతాలో మగ్గం నడిపేవాడు, అంబదాస్‌కు ఇరవై ఏళ్ళ దోస్తు. అతని చేతులు గొంగడి కప్పినట్టుండేవి. "నా చేతుల మీద నువ్వు ఫ్యాక్టరీ నడుపుతున్నవ్, నాకు పగార్ ఇయ్యాలె" అంటూనే రోజూ పొద్దున అంగి చెయ్యి మలిచి పట్టేవాడు.

2021 ఏప్రిల్‌లో ఆ మొండయ్య పోయాడు. ఒకరోజు ఒళ్ళు నొప్పులన్నాడు, ఐదో రోజు ఊపిరి ఆడక ఆస్పత్రికి వెళ్ళాడు, ఎనిమిదో రోజు ఫోన్ వచ్చింది. ముఖం కూడా చూపించకుండా అటు నుంచి అటే తీసుకుపోయారు. ఊళ్ళో అంబులెన్సుల కూత తప్ప మరో చప్పుడు లేని రోజులవి. శ్మశానాల దగ్గర పొగ ఆగడం లేదని జనం చెప్పుకునేవారు. స్వరాజ్యం కిటికీ మూసే ఉంచేది.

అంబదాస్ మూడు రోజులు డాబా ఎక్కలేదు. అన్నం ముందు పెడితే తిన్నాడు, తీసేస్తే లేచాడు. నాలుగో రోజు ఎక్కాడు. ఇక ఉస్తరాల మీద విరక్తి కలిగి ఉంటుందని స్వరాజ్యం అనుకుంది. కలగలేదు సరికదా, పిచ్చి రెండింతలై దిగొచ్చింది.

అంతకు ముందు రోజుకు ఇద్దరో ముగ్గురో. ఇప్పుడు పొద్దున ఒకసారి, పొద్దుగూకే ముందు ఒకసారి, మాస్కు కట్టుకుని పన్నెండు తలుపులూ కొట్టేవాడు. పైగా ఒక కొత్త తంతు. బకెట్‌లో చల్లనీళ్ళు వెంట తీసుకుపోయి, ఒక్కొక్క తలుపు ముందు సబ్బుతో కడుక్కుని, చెయ్యి ఆ నీళ్ళలో ముంచి కళ్ళు మూసుకుని వంద లెక్కపెట్టేవాడు. ఆ తర్వాతే "జర చెయ్యి ఇయ్యి." ఆ పట్టుకోవడం కూడా చప్పున వదిలేది కాదు.

"ఏందది, సంధ్యవారుస్తున్నవా?" అని అడిగింది స్వరాజ్యం.

"చెయ్యి సల్లబడాలె" అన్నాడు, అంతే.

కింది గదిలో ఉండే రాంప్రసాద్ వచ్చి మొర పెట్టుకున్నాడు. "చిన్నమ్మా, కాకాకు జర సమజాయించు. నా రెండు చేతులు ఆడపిల్ల చేతుల లెక్కయినయ్. ఇంక గీసుటానికి ఏం లేదంటే, ఉన్నది చూద్దాం తే అంటడు."

పోశవ్వ కూడా మెట్ల మీద నుంచి కేకేసింది. "నా చేతికి ముడతలు తప్ప ఏం లేవే స్వరాజ్యం. ముడతలు గీస్తడటనా?"

స్వరాజ్యానికి తల కొట్టేసినట్టయింది. దోస్తు పోయిన దుఃఖంలో మతి చెడిందేమోనని లోపల లోపల వణికింది. బయటికి మాత్రం, "మీకు చేతులు, నాకు తలకాయ. పోయింది నాదే" అనేది.

ఆ రోజుల్లో చాల్‌లో ఎవరికీ జ్వరం రాలేదు. అందరికీ ఎండదెబ్బ తగిలేది. ఒళ్ళు సలసల కాగుతున్నా ఎండదెబ్బే. జ్వరం అంటే తలుపుకు కాగితం అంటిస్తారు, గల్లీకి వెదురు గుంజలు కడతారు, గది ఖాళీ చెయ్యమంటాడు మాలిక్, ఆస్పత్రికి పోతే మొండయ్యలాగా ఫోనే వస్తుంది. అందుకని తల మీద తడిగుడ్డ వేసుకుని, ఎండను తిట్టుకుంటూ తలుపు వేసుకునేవారు. విచిత్రం ఏమంటే, దిండోలిలో కొత్తగా క్లినిక్ పెట్టిన హన్మకొండ డాక్టరమ్మ హిమశ్రీ సరిగ్గా ఎండదెబ్బ తగిలిన ఇంటికే ఫోన్ చేసేది. ఊరికే తెలుగువాళ్ళ బాగోగులు కనుక్కుంటున్నానని మొదలుపెట్టి, మందులు, వేలికి పెట్టుకునే ఆక్సిజన్ మిషను పంపించేది. అలా చాల్‌లో నలుగురు లేచి తిరిగారు. ఆ పిల్లకు దేవుడు చెవిలో చెప్తున్నాడని స్వరాజ్యం నమ్మింది.

మే మొదటి వారంలో స్వరాజ్యానికి ఎండదెబ్బ తగిలింది.

తగిలిన సంగతి ఆమెకు పొద్దున్నే తెలిసింది. కత్తెర పట్టుకుంటే ఇనుము మంచుగడ్డలా తగిలింది. ఆమెకు చావంటే అంత భయం లేదు. ఎవరూ లేనిచోట, ముఖం కనపడని మనుషుల మధ్య, ప్లాస్టిక్ సంచిలో పోవడమంటే భయం. ఇనుప రజను ఇంట్లోకి తెస్తున్నాడని ఏడాదిగా ఆయన పడక బయటి వరండాలోకి మార్పించింది ఆమే. అది ఇప్పుడు పనికొచ్చింది. ఆయన పొడుగు చేతుల అంగీ చీర మీద తొడుక్కుంది. పళ్ళెం దూరం నుంచి నెట్టింది. రెండు రోజులు గడిచాయి.

మూడో రోజు పొద్దున అంబదాస్ బకెట్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. చెయ్యి ముంచాడు. కళ్ళు మూసుకుని లెక్కపెట్టాడు.

"జర చెయ్యి ఇయ్యి."

ఉస్తరాలు మొదలుపెట్టిన ఏడాదిలో ఒక్కసారీ ఆమె చేతి మీద కత్తి పరీక్షించలేదు ఆయన. "నాకేడివయ్యా వెంట్రుకలు?" అంది.

"సన్నటి నూగుంటది."

"నాకు పనున్నది."

"పనే. ఒక్క నిమిషం."

అంగీ చెయ్యి ఆయనే మలిచాడు. మణికట్టు పట్టుకున్నాడు. ఆయన వేళ్ళ చల్లదనం తగలగానే ఆమెకు ఒళ్ళంతా వణుకు పుట్టింది. ఆయన రెండో చెయ్యి జేబులోకి పోలేదు. ఉస్తరా బయటికి రాలేదు. బొటనవేలు అలాగే ఆనించి చాలాసేపు కూర్చున్నాడు.

"గీసుకో మరి" అంది.

"ఎన్ని దినాలాయె?"

"ఏంది?"

"మూడా?"

స్వరాజ్యానికి ఏడుపు వచ్చింది. "నన్ను పంపకు. నేను పోను. చస్తే గీడనే చస్త" అంది.

"మొండిగానికి గూడ గిట్లనే ఉండె" అన్నాడు అంబదాస్. "ఆ దినం వాని చెయ్యి పట్టుకున్న. నీ చెయ్యి వేడున్నదిరా అన్న. నీదే వేడి, ఇప్పుడే సాన కాడికెళ్ళి లేసొస్తివి, అన్నడు. నిజమే గదా అనుకున్న. నవ్వుకున్నం ఇద్దరం. ఉక్కు వేడి తెలుసు నాకు, చాయ వేడి తెలుసు, వాని వేడి నా వేడనుకున్న. ఐదు దినాలు నవ్వుకుంటనే గీసిన."

బకెట్ ఎందుకో అప్పుడు తెలిసింది ఆమెకు. వంద లెక్క ఎందుకో, రెండు పూటలా పన్నెండు తలుపులు ఎందుకో, గీసిన చేతినే మళ్ళీ ఎందుకో తెలిసింది. డాక్టరమ్మ చెవిలో చెప్పే దేవుడికి సగం కనుబొమ్మే ఉందని కూడా తెలిసింది.

"గంతమందికి ఉట్టిగనే చెప్పరాదా, జ్వరం చూస్తానని?"

"చెప్తే ఎవలిస్తరే చెయ్యి? పిచ్చోనికైతే ఇస్తరు."

హిమశ్రీ ఫోన్‌లోనే అన్నీ అడిగింది. వేలికి మిషను పెడితే తొంభై మూడు చూపించింది. బోర్లా పడుకోమంది, మందులు పంపింది. "తొంభైకి తగ్గితే మాత్రం నేనే వచ్చి తీసుకెళ్తానమ్మా. మీ వెంట నేనుంటాను, ఒంటరిగా ఉండరు" అంది. ఆ మాటతో స్వరాజ్యానికి సగం దడ తగ్గింది. తొమ్మిది రోజులు నడిచింది ఆ గండం. అంబదాస్ గంటకోసారి చెయ్యి ముంచుకుని ఆమె నుదురు ముట్టేవాడు. థర్మామీటరు ఉంది గానీ దాని మీద ఆయనకు నమ్మకం లేదు. ఆయన చెప్పినదాన్ని అది సరిగ్గా చూపిస్తే "పర్వాలేదు, నేర్చుకుంటున్నది" అనేవాడు. ఆయన వండిన పప్పు తిని బతకడం కంటే జ్వరమే నయమనిపించింది ఆమెకు. అయినా తిన్నది. పదో రోజుకు మిషను తొంభై ఏడు చూపించింది.

డాక్టరమ్మ మాట ప్రకారం ఇద్దరూ పదిహేను రోజులు వరండా దాటలేదు. అంబదాస్ ప్రాణం గిలగిల కొట్టుకుంది. "పన్నెండు గదులు. చూసేటోడు లేడు" అని వరండాలో అటూ ఇటూ తిరిగేవాడు. ఆయన స్నానానికి పోయిన సమయంలో పోశవ్వ మెట్ల మీద ఎడంగా కూర్చుని స్వరాజ్యాన్ని పలకరించింది.

"ఎప్పుడొస్తడే నీ మొగడు? చేతులు ఎదురుచూస్తున్నయ్."

స్వరాజ్యం ఆగలేకపోయింది. "పోశవ్వా, ఆయన పిచ్చోడు గాదు. ఆయన చూసేది..."

"జ్వరం. తెలుసు తియ్."

"తెలుసా?"

"మొదట్ల తెల్వలే. ఎనభై ఏండ్ల ముసల్దాని చేతిల వెంట్రుకలు ఎవడు ఎతుకుతడే? ఆయన పట్టుకున్న తెల్లారే డాక్టరు ఫోను. రెండుసార్లు అయినంక చాల్ అంతటికి ఎరుకైంది."

"మరి రాంప్రసాద్ వచ్చి మొత్తుకునె గదా నా దగ్గర?"

"మొత్తుకోకపోతే మాకెరికైందని ఆయనకు ఎరికైతది." పోశవ్వ కొంగుతో మూతి తుడుచుకుంది. "జ్వరమొచ్చిందని నా నోటితోని నేను చెప్తే కొడుకు బెదురుతడు. చెప్పకపోతే నేను పోత. అంబదాస్ చెయ్యి పట్టుకుంటే, చెప్పినట్టు గాదు, దాసినట్టు గాదు. నువ్వు ఆయనకు చెప్పకు బిడ్డా. చెప్తే మళ్ళ రాడు, సిగ్గుపడ్తడు."

పదహారో రోజు పొద్దున అంబదాస్ బల్ల మీద ఉన్న ఉస్తరా జేబులో వేసుకుని, బకెట్ తీసుకుని బయలుదేరాడు. స్వరాజ్యం గడపలో కూర్చుని చూసింది. తలుపులు కొట్టాల్సిన పని లేకపోయింది. రాంప్రసాద్ అప్పటికే అంగి చెయ్యి మలిచి నిలబడి ఉన్నాడు, "నా కర్మ" అని పెద్దగా తిట్టుకుంటూ. పోశవ్వ ముడతల చెయ్యి చాచి, "వచ్చిండమ్మా పీడ" అంది. ఒక్కొక్కరి ముందూ ఆయన వంద లెక్కపెట్టాడు, మణికట్టు పట్టుకుని వాళ్ళ ముఖాలకేసి చూశాడు, కత్తితో ఒక్క గీత లాగాడు.

ఎండ ఎక్కేసరికి తిరిగొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఎవలకన్న ఉన్నదా?" అని అడిగింది.

"ఒక్కలకు లేదు. అందరు సల్లగున్నరు." ఉస్తరా తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. "కత్తి గూడ మస్తు మెచ్చుకున్నరు. రాంప్రసాద్ అయితే వెన్న లెక్క దిగిందన్నడు."

స్వరాజ్యం ఆ కత్తిని వెలుతురులో పెట్టి చూసింది. అది ఇంకా బెల్టు మొహం చూడని ముడి కత్తి. చెంపలు నిండుగా ఉన్నాయి, అంచు చిటికెన వేలంత మందం. దాంతో వెంట్రుక మాట అటుంచి, ఉడికిన వంకాయ కూడా తెగదు. పన్నెండు గదుల్లో ఒక్కరూ ఆ ముక్క అనలేదు. గీసిన ఆయనా వెంట్రుకల వైపు చూసుకోలేదు.

"ఎట్లున్నది?" అన్నాడు అంబదాస్.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మంచిగ కుదిరింది" అంది.

"అయితే రేపు గూడ గిదే తీస్కపోత."

"తీస్కపో" అంది స్వరాజ్యం.